చెవిలో వేసిన చుక్కల సంగతి

ఆగస్టు నెల, తెల్లవారి ఐదున్నర. గాజువాకలో మా వీధిలో ఆ వేళకి పాలవాడి బండి తప్ప వేరే చప్పుడు ఉండదు. వంటింట్లో ఏదో దొర్లినట్టు వినిపించి లేచాను. స్టీలు గిన్నె పడిందనుకున్నాను. వెళ్లి చూస్తే బూరె.

బూరె మా పిల్లి. ఆరేళ్లది. పసుపచ్చగా, గుండ్రంగా ఉందని మా అబ్బాయి ఆ పేరు పెట్టాడు. రాత్రిళ్లు ఫ్రిజ్ మీద పడుకోవడం దాని అలవాటు. ఆ రోజు గ్యాస్ సిలిండర్ పక్కన నేల మీద పడి ఉంది. లేస్తుంది, రెండడుగులు వేస్తుంది, ఎడమ పక్కకి తూలి పడుతుంది. పడినప్పుడల్లా గోళ్లు బయటికి తీసి టైల్సుని గట్టిగా పట్టుకోవాలని చూస్తుంది. నేల తన కింద నుంచి జారిపోతున్నట్టు. తల ఎడమ భుజం మీదకి వాలిపోయింది. కింద కూర్చుని దాని మొహం నా వైపు తిప్పుకుంటే నా ఒళ్లు చల్లబడింది. కళ్లు రెండూ ఆగకుండా కొట్టుకుంటున్నాయి. మెల్లగా ఎడమకి జారుతున్నాయి, ఠక్కున కుడికి వస్తున్నాయి. మళ్లీ జారుతున్నాయి, మళ్లీ ఠక్కున వస్తున్నాయి. నోటి చివర తెల్లటి నురగ.

అత్తయ్య నా వెనక నిలబడి చూసి, "పక్షవాతం. మా నాన్నకీ ఇలాగే తెల్లారగట్లే వచ్చింది" అని తేల్చేశారు. తర్వాత, "నిన్న పక్కింటావిడ ఎంత బొద్దుగా ఉందో అంది చూశావా" అంటూ ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి దిష్టి తీశారు. నేను వద్దనలేదు.

నా బుర్ర మాత్రం విషాల చుట్టూ తిరిగింది. ఎలకల మందు తిన్న ఎలకని పట్టుకుందేమో. వానలు పడుతున్నాయి, వెనక ఖాళీ స్థలంలో పొదలు పెరిగాయి, పాము కాటేసిందేమో. రాత్రి గోడ మీంచి పడి తలకి దెబ్బ తగిలిందేమో. ఒళ్లంతా వేళ్లతో తడిమాను. గాయం లేదు, రక్తం లేదు. "బూరీ" అని పిలిస్తే చెవి కదిపింది, తోక కొస ఆడించింది. తెలివిలోనే ఉంది. అలా తడుముతూనే లేచి, అలమరలో కనిపిస్తున్న ఒక చిన్న సీసాని పసుపు డబ్బా వెనక్కి తోశాను. ఎందుకు తోశానో అప్పుడు తెలీదని చెప్పను.

మా ఆయన స్టీల్ ప్లాంటులో సి షిఫ్టు. ఇంటికొచ్చేసరికి ఏడు దాటుతుంది. బూరెకి టీకాలు వేసే డాక్టరు గారి నంబరు ఉంది కానీ ఐదున్నరకి చేయాలంటే మొహమాటం. ఆరయ్యేదాకా గడియారం చూస్తూ కూర్చుని, ఆరింటికి చేశాను. ఆవిడ రెండో రింగుకే ఎత్తారు. ఆ అరగంట మొహమాటానికి ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

ఆవిడ మొదటి ప్రశ్న నేను ఊహించింది కాదు. "వెనక కాళ్లు పట్టుకుని చూడండి. చల్లగా ఉన్నాయా? పాదాల కింద మెత్తలు పాలిపోయో, నీలంగానో ఉన్నాయా? నొప్పితో అరుస్తోందా?" చూశాను. కాళ్లు వెచ్చగానే ఉన్నాయి, మెత్తలు ఎప్పట్లాగే గులాబీ రంగులో ఉన్నాయి, అరవడం లేదు. "అమ్మయ్య. గుండె జబ్బున్న పిల్లుల్లో రక్తం గడ్డకట్టి వెనక కాళ్లకి వెళ్లే నాళంలో అడ్డం పడితే హఠాత్తుగా ఇలా కూలబడతాయి. అదైతే ఒక్క నిమిషం ఆగకూడదు. ఇది అది కాదులెండి. కళ్లు కొట్టుకుంటున్నాయి అన్నారు కదా, ఇప్పుడే ఫోన్లో వీడియో తీయండి. నా దగ్గరికొచ్చేసరికి తగ్గిపోవచ్చు. నోట్లో పాలూ నీళ్లూ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎనిమిదింటికల్లా తీసుకొచ్చేయండి."

వీడియో ఇరవై సెకన్లు తీశాను. చెయ్యి వణికి సగం నేలే వచ్చింది, కానీ ఆ సగమే పనికొచ్చింది.

మాకు పిల్లిని తీసుకెళ్లే పెట్టె లేదు. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో పాత తువ్వాలు మడతపెట్టి, బూరెని అందులో పెట్టి, పైన ఇంకో బుట్ట బోర్లించి నాలుగు వైపులా తాడుతో కట్టాను. ఎత్తగానే అది భయపడి ఒళ్లంతా మెలితిప్పుకుంది. గాల్లో ఉంటే దానికి పైనా కిందా తెలియడం లేదని తర్వాత అర్థమైంది. ఎత్తాలంటే గుండెకి గట్టిగా హత్తుకుని ఎత్తాలి.

షీలానగర్ దాటేదాకా ఆటో అతను ఏమీ మాట్లాడలేదు. ఎయిర్‌పోర్టు దగ్గర వాన పెరిగి బండి నెమ్మదించినప్పుడు బుట్టలోకి తొంగి చూసి, "మా ఊళ్లో మేకకి ఇలాగే మెడ తిరిగిపోయిందమ్మా. గుండ్రంగా తిరిగి తిరిగి మూడో రోజుకి పోయింది" అన్నాడు. మంచివాడే, గోతులన్నీ తప్పించి తోలాడు, కానీ ఆ ముక్క చెప్పకుండా ఉంటే బాగుండేది. తర్వాత డాక్టరు గారిని అడిగితే, మేకల్లో వచ్చేది చాలాసార్లు లిస్టీరియా అనే బ్యాక్టీరియా మెదడు మొదట్లో పెట్టే జబ్బు అనీ, దాన్నీ దీన్నీ కలపొద్దనీ అన్నారు.

ఎన్‌ఏడీ కూడలి దాటాక ఉంది క్లినిక్. బల్ల మీద రబ్బరు చాప వేసి బూరెని పడుకోబెట్టారు. జ్వరం 101.8 ఫారెన్‌హీట్. మనకైతే జ్వరమే కానీ పిల్లికి అది మామూలు వేడేనట, 100.5 నుంచి 102.5 దాకా ఉండొచ్చట.

తర్వాత ఆవిడ చేసిన పరీక్షలకి యంత్రాలేమీ అక్కర్లేదు. కళ్లని కాసేపు అలాగే చూశారు, నా వీడియో చూశారు. మెల్లగా దాన్ని వెల్లకిలా తిప్పి మళ్లీ కళ్లు చూశారు. తర్వాత ఒక్కో పాదాన్నీ మడిచి, పంజా పైభాగం బల్లకి ఆనేలా తిరగేసి పెట్టారు. బూరె నాలుగు పాదాల్నీ పెట్టినవి పెట్టినట్టే తిప్పేసుకుంది. "ఇది మంచి సంగతి" అన్నారు. శరీరం ఎటు ఉందో కనిపెట్టే వ్యవస్థ కొంత లోపలి చెవిలో, కొంత మెదడులో ఉంటుంది. దాని పేరు వెస్టిబ్యులర్. గొడవ మెదడులో ఉంటే పాదం అలా తిరగేసి పెట్టినా పిల్లి పట్టించుకోదు, మగతగా ఉంటుంది, కళ్లు పైకీ కిందకీ కొట్టుకోవడమో, తిప్పి పడుకోబెడితే కొట్టుకునే దిక్కు మారడమో జరుగుతుంది. బూరె కళ్లు పక్కకే కొట్టుకుంటున్నాయి, ఎలా తిప్పినా అదే దిక్కు. తల ఎడమకి వాలింది, పడటం ఎడమకే. అంటే ఎడమ చెవి.

"ఇంకోటి చూడండి" అని ఆవిడ బూరె మొహం నా వైపు తిప్పారు. ఎడమ కన్ను మూల నుంచి తెల్లటి పొర ఒకటి సగం దాకా పైకి వచ్చి ఉంది. ఆ కంటిపాప కుడిదానికన్నా చిన్నగా ఉంది. పొద్దుటి నుంచి ఆ మొహమే చూస్తున్నాను, అది నాకు కనపడనే లేదు. మధ్య చెవి పక్క నుంచి కంటికి వెళ్లే నరం ఒకటుంది, అక్కడ వాపు వస్తే ఇలా అవుతుంది, దీన్ని హార్నర్ సిండ్రోమ్ అంటారని చెప్పారు. మూడో రెప్ప అనేది పిల్లికి ఉంటుందని ఆరేళ్లు పెంచాక ఆ రోజే తెలిసింది.

దీపం ఉన్న గొట్టంతో చెవిలోకి చూస్తూ అడిగారు, "చెవిలో ఏమైనా వేశారా?"

"లేదండీ" అన్నాను.

కాఫీ పొడిలా నల్లటి గులిమి తీసి గాజు పలక మీద రాసి మైక్రోస్కోపులో పెట్టారు. నన్నూ చూడమన్నారు. తెల్లటి పురుగులు కాళ్లాడిస్తూ పాకుతున్నాయి. చెవి మైట్స్. అవి కుట్టే దురదకి గోకి గోకి చెవి పుండవుతుంది, దాని మీద బ్యాక్టీరియా చేరుతుంది. "ఎన్నాళ్ల నుంచి గోక్కుంటోంది?" అన్నారు. మూడు వారాలన్నాను. "చెవికి ఏమీ చేయలేదా?" అన్నారు. "తడిగుడ్డతో తుడిచానండీ" అన్నాను. అది నిజమే, కానీ మొత్తం నిజం కాదు.

తిండి గురించి అడిగారు. పచ్చి నెత్తళ్లు రోజూ పెడతానని చెప్పాను. ఫిషింగ్ హార్బరు ఉన్న ఊళ్లో పిల్లికి చేపలు కాక ఏం పెడతాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజులూ బూరె మొహం మాడ్చుకుని పెరుగన్నం తింటుంది, పడవలు కదిలాయంటే మళ్లీ దానికి పండగ. ఆవిడ కొంచెం ఆలోచించారు. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ని తినేసే ఎంజైమ్ ఉంటుందట. అవే పచ్చిగా వారాల తరబడి పెడితే పిల్లికి బి1 లోపించి ముందు తిండి మానేస్తుంది, తర్వాత తూలుతుంది, ఫిట్స్ కూడా రావొచ్చు. ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. "ఆ లోపంలో తల ఒక పక్కకి కాదు, గడ్డం గుండెకి ఆనేలా ముందుకి వంగిపోతుంది. దీనిది అలా లేదు. అయినా ఒక ఇంజెక్షన్ వేద్దాం, నష్టం లేదు" అన్నారు. చేపల మీద తప్పు పడుతుందేమోనని నా మనసు ఒక్క క్షణం ఆశపడింది.

మళ్లీ చెవిలోకి గొట్టం పెట్టారు. ఈసారి తల ఎత్తకుండానే, "లోపల జిడ్డుగా మెరుస్తోందండీ. గులిమి ఇలా మెరవదు" అన్నారు.

చెప్పేశాను. పై పోర్షన్ వాళ్ల లాబ్రడార్‌కి నిరుడు చెవిపోటు వస్తే ఇచ్చిన చుక్కల మందు మిగిలి ఉంది. బూరె గోక్కోవడం చూసి ఆ పై పోర్షన్ ఆవిడ పాపం మంచికే ఇచ్చింది. అయిదు రోజుల నుంచి పొద్దున మూడు, రాత్రి మూడు చుక్కలు వేస్తున్నాను. వేసినప్పుడు తల విదిలించేది, నేను పట్టుకుని చెవి మొదలు మర్దనా కూడా చేశాను, లోపలికి బాగా దిగాలని.

డాక్టరు గారు తిట్టలేదు. "సీసా ఫొటో తెప్పించండి" అన్నారు. సీసా మా ఇంట్లోనే పసుపు డబ్బా వెనక ఉందని నేను చెప్పలేదు. మా అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. పేర్లలో జెంటమైసిన్ ఉంది.

లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి కొసలున్న కణాలుంటాయి, తల ఎటు వంగిందో మెదడుకి కబురు పంపేవి అవే. కర్ణభేరి బాగుంటే చుక్కలు ఇవతలే ఆగిపోతాయి. దానికి చిల్లు పడి ఉంటే మందు లోపలికి దిగుతుంది. జెంటమైసిన్ జాతి మందులు ఆ కణాల్నే చంపుతాయి. అందుకే కర్ణభేరి చూడకుండా ఎవరూ చుక్కలు వేయకూడదు. ఇదంతా ఆవిడ మామూలు గొంతుతోనే చెప్పారు, పాఠంలా. నేను బూరె తోక పట్టుకుని నిలబడ్డాను.

కర్ణభేరి సరిగ్గా కనపడాలన్నా, ఎక్స్‌రే తీయాలన్నా కొద్దిగా మత్తు ఇవ్వాలి. మత్తుకి ముందు రక్త పరీక్ష. ఆ రిపోర్టు వచ్చేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాం. అప్పటికి మా ఆయన కూడా యూనిఫామ్‌తోనే నేరుగా వచ్చేశారు. అంతా విని, "నువ్వే వేశావా?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు. ఇంకేమైనా అని ఉంటే పోట్లాడుకునే వీలుండేది.

రక్తంలో చక్కెర, పొటాషియం, కిడ్నీ అన్నీ చూశారు. వీటిలో ఏది తేడా వచ్చినా పిల్లి తూలొచ్చు. ముసలి పిల్లయితే బీపీ కూడా చూసేవారట, కిడ్నీ జబ్బున్న వాటికి బీపీ పెరిగి మెదడులో రక్తనాళం చిట్లుతుందట. అత్తయ్య చెప్పిన పక్షవాతం మరీ అబద్ధమేం కాదన్నమాట, కాకపోతే అరుదు. కారణమే దొరకని రకం కూడా ఉంది. చూడ్డానికి ఇంత భయంకరంగానూ ఉండి, మూడు రోజుల్లో తేరుకుని, రెండు మూడు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. అయితే మిగతావన్నీ కొట్టేశాకే ఆ పేరు పెట్టాలి. మా కేసులో కొట్టేయడానికి లేదు, చెవి ఎదురుగా ఉంది.

ఎక్స్‌రే చూపించినప్పుడు నాలాంటిదానికి కూడా తేడా తెలిసింది. పిల్లి పుర్రె కింద చెవుల దగ్గర రెండు బుడగల్లాంటి ఎముకలుంటాయి. లోపల గాలి ఉంటుంది కాబట్టి నల్లగా కనపడాలి. కుడిది నేరేడు పండంత నల్లగా ఉంది. ఎడమది పాలు పోసినట్టు తెల్లబడి ఉంది. లోపల చీము. కర్ణభేరి చిరిగే ఉంది. గొంతు వెనక వేలు పెట్టి, అంగిలి ఎత్తి కూడా చూశారు. వయసులో ఉన్న పిల్లులకి అక్కడ పాలిప్ అని ఒక కండ పెరిగి చెవిలోకి పాకుతుందట. అది లేదు. ఉత్త సెలైన్‌తో చెవి కడిగి, అందులో ఏ బ్యాక్టీరియా ఉందో తెలియడానికి చీము కొంచెం కల్చర్ పరీక్షకి పంపారు. మెదడు స్కానింగ్ మాటొస్తే ఇప్పుడే వద్దన్నారు. తగ్గకపోతే విజయనగరం దాటి గరివిడిలో ఉన్న పశువైద్య కళాశాలకి రాసిస్తానన్నారు. ఆ అవసరం రాలేదు.

మొత్తం 6,200 రూపాయలు అయింది. వాంతి తగ్గడానికి ఒక ఇంజెక్షన్, ఒంట్లో నీరు తగ్గిందని చర్మం కింద సెలైన్, మైట్స్‌కి మెడ మీద వేసే పిల్లుల మందు, ఆరు వారాలకి యాంటీబయాటిక్ మాత్రలు. చెవిలో ఏ చుక్కా వద్దు. బయల్దేరుతుంటే, "కుక్క మందులేవీ దీని దగ్గరికి రానివ్వకండి. కుక్కల గోమారి మందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లి వణికి వణికి చచ్చిపోతుంది. జ్వరమని మీరు వేసుకునే పారాసెటమాల్ కూడా ఒక్క బిళ్లతో ప్రాణం తీస్తుంది" అన్నారు. ఇవన్నీ ముందు ఎవరూ చెప్పరు, మనమూ అడగం.

ఇంటి దగ్గర మొదటి రెండు రోజులే గడ్డు. మంచాలెక్కకుండా హాల్లో ఒక మూల పరుపులు చుట్టూ పెట్టి దొడ్డి కట్టాం. అది ఒకటికీ రెంటికీ వెళ్లే మట్టి ట్రేకి ఒక పక్క అంచు కోసేశాడు మా అబ్బాయి, కాలెత్తి దాటలేకపోతోందని. తిండి దగ్గరే నాకు ఏడుపొచ్చింది. ఉడికించిన కానాగంత ముళ్లు తీసి గిన్నెలో పెడితే ఆకలిగా మొహం దించింది. దించింది గిన్నెలోకి కాదు, గిన్నెకి రెండంగుళాల ఎడంగా ఉత్త నేల మీదకి. నాలుక చాపి నేలని నాకింది. మళ్లీ ఎత్తింది, గురి చూసుకుంది, మళ్లీ నేలే. చివరికి నా అరచేతిలో పెట్టుకుని దాని మూతికి ఆనించి తినిపించాను. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కొవ్వంతా కాలేయానికి చేరి అదో కొత్త జబ్బవుతుందని ఆవిడ చెప్పి ఉన్నారు, అందుకని గంటగంటకీ ఒక ముద్ద.

రెండో రాత్రి వానకి కరెంటు పోయింది. ఇల్లంతా చీకటి. అప్పటిదాకా పరుపుకి ఆనుకుని స్థిరంగా ఉన్న బూరె ఒక్కసారి దొర్లడం మొదలుపెట్టింది, గోళ్లతో పరుపు చీరేస్తోంది. నాకు మళ్లీ మొదటికొచ్చిందనిపించింది. ఫోన్ టార్చి వేశాను. ఆగిపోయింది. టార్చి తీశాను, మళ్లీ దొర్లింది. అప్పుడు తట్టింది. చెవి చెప్పాల్సిన కబురు చెప్పకపోతే అది కళ్లతో నేలని పట్టుకుని ఉంటోంది. ఆ చూపు కూడా పోతే దానికి ఇంక ఆధారం లేదు. తెల్లారేదాకా దాని పక్కన కొవ్వొత్తి ఆరకుండా అత్తయ్య కాపలా కూర్చున్నారు. తర్వాత నెల రోజులు హాల్లో జీరో బల్బు ఆర్పలేదు.

మూడో రోజు సాయంత్రానికి కళ్లు కొట్టుకోవడం నిలిచింది. ఆరో రోజుకి గోడ రాసుకుంటూ నడిచింది. మాత్రలు వేయడం మాత్రం చివరిదాకా యుద్ధమే. నేతిలో ముంచి నాలుక వెనక వేసి, ఆ వెంటనే సిరంజితో నాలుగు చుక్కల నీళ్లు. మాత్ర గొంతులో అంటుకుంటే పుండు పడుతుందట. ఒకరోజు మింగినట్టే నటించి, సోఫా వెనకకెళ్లి ఉమ్మేసింది. ఆ రోజు నాకు నవ్వొచ్చింది, ఇది మళ్లీ మా బూరె అయిందని.

కల్చర్ రిపోర్టు చూసి అవే మాత్రలు కొనసాగించమన్నారు. మూడో రెప్ప నెలకి దిగిపోయింది. ఆరు వారాలకి చెవి శుభ్రపడింది. అప్పుడు అడిగాను, ఇది చీము వల్లా, నా చుక్కల వల్లా అని. "రెండూ ఒకే చోట దెబ్బ కొట్టాయి. విడదీసి చెప్పలేనండీ" అన్నారు. చీము ముందు నుంచీ ఉంది, కర్ణభేరి అప్పటికే చిరిగి ఉండొచ్చు, చుక్కలు లేకపోయినా ఇదే జరిగేదేమో. చచ్చిన కణాలు తిరిగి రావు గానీ మెదడు సర్దుకుంటుంది. పై పోర్షన్ ఆవిడ వచ్చి "నావల్లే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కాదన్నాను. కానీ సీసా వెనక్కివ్వలేదు, చెత్తబుట్టలో వేశాను.

తల కొంచెం వాలు మిగిలిపోయింది. ఎవరో చెప్పింది వింటూ సందేహపడుతున్నట్టు ఉంటుంది మొహం. ఫ్రిజ్ మీదకి ఒక్క దూకులో వెళ్లడం మానేసి, ముందు స్టూలు, తర్వాత గట్టు, తర్వాత ఫ్రిజ్. ఎడమ చెవి సరిగా వినపడదు, అందుకని పిలుపు ఎటు నుంచి వచ్చిందో పోల్చుకోలేదు. పొద్దున్నే చేపలమ్మే ఆమె గేటు దగ్గర కేక వేస్తే ముందు పెరటి వైపు పరిగెడుతుంది. అక్కడ ఎవరూ లేకపోతే ఆగి, తల ఇంకొంచెం వంచి, అప్పుడు ఇటు తిరుగుతుంది. అది గేటు దాకా వచ్చేలోపు నేను నెత్తళ్లు కొని లోపలికొచ్చి పొయ్యి మీద నీళ్లు పెడతాను. పచ్చివి పెట్టడం లేదని దానికి ఇంకా కోపమే, ఉడుకుతున్నంతసేపూ నా కాళ్ల దగ్గర కూర్చుని తిడుతూనే ఉంటుంది.